మొదటి పేరా

‘ఫైండింగ్ ఫారెస్టర్’ సినిమా నేను రెండుసార్లు చూశాను. ఆ రెండుసార్లకీ మధ్య ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. మొదటిసారి 2003 చలికాలంలో. అప్పుడు ఎమ్మెస్ చదువుతూ నలుగురం రెండు గదుల అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. వీధి చివర పబ్లిక్ లైబ్రరీలో డీవీడీలు ఊరికే ఇచ్చేవారు. అట్ట మీద షాన్ కానరీ మొహం చూసి, జేమ్స్ బాండ్ సినిమా కాబోలనుకుని మా రూమ్మేటు పట్టుకొచ్చాడు. పావుగంట చూశాక కూడా ఒక్క తుపాకీ పేలకపోయేసరికి ముగ్గురూ లేచి పప్పు కుక్కర్ పెట్టుకోవడానికి వెళ్ళిపోయారు. నేనొక్కణ్ణే చివరిదాకా కూచున్నాను.

రెండోసారి మొన్న చలికాలంలో, మా అమ్మాయితో. దానికిప్పుడు పదహారేళ్ళు. సినిమాలో కుర్రాడిదీ అదే వయసు. ఈసారి చూడ్డానికి వేరే కారణం ఉంది. వాళ్ళ అమ్మమ్మ గురించి అది ఇంగ్లీషు క్లాసుకి ఒక వ్యాసం రాసింది. టీచరు దాన్ని ఏదో సాఫ్ట్‌వేర్లో వేసి చూసి, “ఇది నువ్వే రాశావా?” అని అడిగింది. పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదు. కంప్యూటర్లో దాచుకున్న పాత ప్రతులన్నీ తారీఖులతో సహా తీసుకెళ్ళి చూపిస్తే, రెండు రోజుల తర్వాత టీచరు సరేనంది. సారీ మాత్రం చెప్పలేదు. ఆ శనివారం రాత్రి నాకీ సినిమా గుర్తొచ్చింది.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. కథ చివరి మలుపుల గురించి కూడా మాట్లాడతాను కాబట్టి, ముందు సినిమా చూడాలనుకునేవాళ్ళు ఈ వ్యాసాన్ని పక్కన పెట్టుకోవచ్చు.

న్యూయార్కు బ్రాంక్స్‌లో జమాల్ వాలెస్ అనే నల్లజాతి కుర్రాడు. తండ్రి ఇల్లు వదిలి పోయాడు. తల్లీ, అన్నా ఉన్నారు. బాస్కెట్‌బాల్ బాగా ఆడతాడు. బళ్ళో మార్కులు అంతంత మాత్రం. ఎవరికీ తెలియకుండా పుస్తకాలు తెగ చదువుతాడు, నోటుబుక్కుల నిండా రాసుకుంటాడు. బాస్కెట్‌బాల్ కోర్టుకి ఎదురుగా ఉన్న మేడ మీద కిటికీలోంచి ఒక ముసలాయన ఎప్పుడూ వీళ్ళని చూస్తుంటాడు. పందెం కాసి ఒక రాత్రి జమాల్ ఆ ఇంట్లో దూరతాడు. ముసలాయన కంటపడి, భయంతో సంచీ అక్కడే వదిలేసి పారిపోతాడు. తర్వాత ఆ సంచీ కిటికీలోంచి కింద పడుతుంది. విప్పి చూస్తే నోటుబుక్కుల్లో ప్రతి పేజీ దిద్ది ఉంటుంది.

ఆయన విలియం ఫారెస్టర్. యాభైల్లో ‘అవలాన్ లాండింగ్’ అని ఒకే ఒక్క నవల రాసి, పులిట్జర్ బహుమతి తెచ్చుకుని, తర్వాత ఒక్క పుస్తకం కూడా వెయ్యకుండా ఇల్లు కదలకుండా ఉండిపోయిన రచయిత. పరీక్షలో వచ్చిన మార్కులు చూసి మన్‌హాటన్‌లో ఒక గొప్ప ప్రైవేటు స్కూలు జమాల్‌కి ఉచితంగా సీటిస్తుంది. చదువు కోసమా, బాస్కెట్‌బాల్ కోసమా అన్నది వాళ్ళు చెప్పరు, మనకి తెలుస్తూనే ఉంటుంది. ఇటు పగలు ఆ బడి, అటు సాయంత్రం ఫారెస్టర్ గది. సినిమా అంతా ఈ రెంటి మధ్యే.

2000 సంవత్సరం చివర విడుదలైన ఈ సినిమాకి దర్శకుడు గస్ వాన్ సాంట్. అంతకు మూడేళ్ళ ముందు ‘గుడ్ విల్ హంటింగ్’ తీసింది ఈయనే. రెంటికీ పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడా ఒక పేదింటి మేధావి, ఒక గాయపడిన పెద్దాయన. అంచేత అప్పట్లో చాలామంది పాత సారానే కొత్త సీసాలో పోశాడన్నారు. నాకు అలా అనిపించలేదు. ఆ సినిమాలో కుర్రాడి గాయం మానుతుంది. ఇందులో కుర్రాడికి మానాల్సిన గాయం పెద్దగా లేదు. తలుపు తీసుకుని బయటికి రావాల్సింది ముసలాయనే.

ఫారెస్టర్‌ని చూడగానే ఎవరికైనా జె.డి. శాలింజర్ గుర్తొస్తాడు. 1951లో ‘ద కాచర్ ఇన్ ద రై’ రాసి, 1965 తర్వాత ఒక్క కథ కూడా అచ్చు వెయ్యకుండా, 2010లో చనిపోయేదాకా న్యూ హాంప్‌షైర్‌లో ఒక పల్లెలో ఉండిపోయాడాయన. తన జీవితచరిత్ర రాయబోయిన ఇయన్ హామిల్టన్ మీద కోర్టుకెళ్ళి, 1987లో తన ఉత్తరాల్లోని వాక్యాలు ఆ పుస్తకంలో వాడకుండా తీర్పు తెచ్చుకున్నాడు. సినిమాలో కూడా ఫారెస్టర్ తన మీద ఒక ప్రొఫెసర్ రాసిన పుస్తకాన్ని రానివ్వకుండా ఆపిస్తాడు. ఆ ప్రొఫెసరే కొత్త బళ్ళో జమాల్‌కి ఇంగ్లీషు చెప్పే క్రాఫోర్డ్. ఇలాంటివి సినిమాల్లోనే జరుగుతాయని నవ్వుకున్నా, ఈ ముడి వల్లే కథ నిలబడింది.

ఇంతకీ ఫారెస్టర్ ఏం నేర్పుతాడు? రెండోసారి చూసినప్పుడు దీన్నే జాగ్రత్తగా గమనించాను. గురుశిష్యుల సినిమాల్లో సాధారణంగా గురువుగారు ఉపన్యాసం ఇస్తారు, శిష్యుడి కళ్ళు మెరుస్తాయి, వెనక వయొలిన్లు మోగుతాయి. ఈ సినిమాలో అది లేదనను. కానీ అసలు పాఠం ఇంకోచోట ఉంది.

ఇద్దరూ ఎదురెదురుగా రెండు టైపు మిషన్ల ముందు కూచుంటారు. ముసలాయన వెంటనే టకటకా కొట్టడం మొదలుపెడతాడు. కుర్రాడు ఖాళీ కాగితం కేసి చూస్తూ ఆలోచిస్తుంటాడు. ఆలోచన తర్వాత సంగతి, ముందు రాయి అంటాడు ఫారెస్టర్. మొదటి ప్రతి గుండెతో రాయాలిట, తిరగరాసేటప్పుడు బుర్ర వాడాలిట. అయినా కుర్రాడి వేలు కదలదు. అప్పుడు బీరువాలోంచి తనదే ఒక పాత వ్యాసం తీసిచ్చి, దీన్ని చూసి టైపు చెయ్యి, నీ మాటలు రావడం మొదలవగానే నీ దారిన నువ్వు వెళ్ళు అంటాడు. జమాల్ కొడుతూ ఉంటాడు. కొంతసేపటికి ఎదుటి కాగితం చూడ్డం మానేస్తాడు. ఒక షరతు మాత్రం ఉంది. ఈ గదిలో రాసింది ఈ గది దాటకూడదు.

ఈ దృశ్యం మనవాళ్ళకి కొత్తేమీ కాదు. అక్షరాభ్యాసం రోజున పళ్ళెంలో బియ్యం పోసి, పిల్లాడి వేలు పట్టుకుని రాయిస్తారు. పిల్లాడు రాసిన మొదటి అక్షరం నిజానికి వాడిది కాదు, వెనక పట్టుకున్న చేతిది. తర్వాత పలక మీద పెద్దవాళ్ళు రాసిచ్చిన అక్షరం మీదే మళ్ళీ మళ్ళీ రాస్తాడు. దాన్ని మనం ఓనమాలు దిద్దడం అంటాం. తప్పులు సరిచెయ్యడాన్ని కూడా దిద్దడమే అంటాం. ఒకళ్ళు రాసినదాని మీద రాయడానికీ, ఒకళ్ళు రాసినదాన్ని బాగుచెయ్యడానికీ ఒకే మాట! 1910లో గురజాడ రాసిన కథ పేరు కూడా ‘దిద్దుబాటు’. ఫారెస్టర్ గదిలో ఈ రెండు దిద్దడాలూ జరుగుతాయి. మొదట కుర్రాడి నోటుబుక్కులు ఆయన దిద్దుతాడు. తర్వాత ఆయన వ్యాసాన్ని కుర్రాడు దిద్దుతాడు. అందుకే సినిమా మొత్తంలో నాకు అన్నిటికన్నా నిజమనిపించింది ఆ టైపు మిషన్ల దృశ్యమే.

నిజమనిపించడానికి నాకింకో కారణం కూడా ఉంది. అది చెప్పకుండా ఈ సినిమా గురించి రాస్తే అబద్ధమవుతుంది.

చదువయ్యాక ఉద్యోగానికి న్యూజెర్సీ వచ్చాను. 2007లో అనుకుంటాను, మా వీధిలో ఉండే ఒక తెలుగువాళ్ళింటికి వాళ్ళ నాన్నగారొచ్చారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైనాయన. ఒకప్పుడు వారపత్రికల్లో కథలు రాశారు. భార్య పోయాక కొడుకు తీసుకొచ్చేశాడు. ఇంటి కింద బేస్‌మెంట్లో ఆయన గది. చలికాలమంతా ఆ చిన్న కిటికీలోంచి మంచు తోసే బండి కేసి చూస్తూ కూచునేవారు. అందరూ ఆయన్ని మాస్టారూ అనేవాళ్ళు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

నేను కథ రాద్దామనుకుంటున్నానని సిగ్గుపడుతూ చెప్తే, “ఏదీ, రాయండి చూద్దాం” అన్నారు. నెల రోజులైనా ఒక్క వాక్యం రాలేదు. నేను రాసేవన్నీ ఆఫీసు ఈమెయిళ్ళని తెలుగు చేసినట్టుండేవి. అప్పుడాయన తన పెట్టెలోంచి అచ్చు కాని కథొకటి తీసి, “మొదటి పేజీ మీ చేత్తో రాసుకురండి. టైపు చెయ్యొద్దు, రాయండి. చేతికి వాక్యం అలవాటు కావాలి” అన్నారు. రాశాను. అందులో ఒక తెల్లవారుజాము బస్టాండు వర్ణన ఉంది. దాని మీద నా కలం అలా జారి, రెండో పేజీకొచ్చేసరికి మా ఊరి బస్టాండూ, నేను అమెరికా బయల్దేరిన రోజూ, మా నాన్నా వచ్చేశారు. ఆ రాత్రి మూడింటిదాకా రాశాను. అంత సంతోషం నాకు ఏ ప్రాజెక్టు పూర్తయినప్పుడూ కలగలేదు.

2009లో ఆ కథ ఒక తెలుగు సంఘం సావనీర్లో అచ్చయింది. మొదటి పేరా మాత్రం మాస్టారిదే. ఒకటి రెండు మాటలు మార్చాను, అంతే. తీసేద్దామని నాలుగైదుసార్లు అనుకున్నాను. తీసేస్తే కథ కుంటుతోంది. ఆయన పేరు ఎక్కడైనా వేద్దామా అంటే, మొదటి కథకే ఇంకొకరి పేరు తగిలిస్తే ఏం బావుంటుందనిపించింది. సంగతి అంతే. పెద్ద కుట్రేం లేదు. చిన్న లోభం. చాలామంది ఫోన్లు చేసి మెచ్చుకున్నారు. ఎక్కువమంది మెచ్చుకున్నది బస్టాండు వర్ణననే.

మాస్టారు కూడా చదివారు. “కథ బావుందండీ. ముఖ్యంగా రెండో పేరా నించీ” అన్నారు. ఇంకేమీ అనలేదు. టీ తాగమన్నారు. తర్వాత నేను ఆ ఇంటికి వెళ్ళడం తగ్గించాను. 2014లో ఆయన పోయారు.

ఇహ సినిమాలోకి వద్దాం. జమాల్ చేసింది కూడా ఇదే. క్రాఫోర్డ్ తన మీద అనుమానం పెంచుకుంటుంటే, గడువు ముంచుకొస్తుంటే, ఆ గదిలో రాసిన వ్యాసాన్ని స్కూలు పోటీకి ఇచ్చేస్తాడు. దాని శీర్షికా, మొదటి పేరా ఫారెస్టర్‌వి. అది 1960లో న్యూయార్కర్‌లో అచ్చయిందని కుర్రాడికి తెలియదు. క్రాఫోర్డ్ పట్టేస్తాడు. అసలు రచయిత అనుమతి ఉందని చూపించు, లేదా క్లాసు ముందు క్షమాపణ చదువు అంటారు. ఆయన్ని ఎరుగుదునని ఒక్క మాట చెప్తే గండం గట్టెక్కుతుంది. జమాల్ చెప్పడు. మాట ఇచ్చాడు కాబట్టి.

మా అమ్మాయికి ఇక్కడే ఒళ్ళు మండింది. “నోరు విప్పి చెప్పొచ్చు కదా నాన్నా! ఆయన ఊరికే కూచుంటే వీడెందుకు పడాలి?” అంది. తన పాత ప్రతులన్నీ మోసుకెళ్ళి చూపించిన పిల్ల కదా, దానికలా అనిపించడం సహజం. గురువు ఇంత అడగచ్చా అన్నది మన పురాణాల కాలం నించీ ఉన్న ప్రశ్నే. అక్కడ బొటనవేలు, ఇక్కడ నోరు. తేడా ఏమిటంటే, ఫారెస్టర్ తను అడిగింది ఎంత పెద్దదో తెలిసి అడగలేదు. తెలిశాక కూడా మొదట గది కదలడు. పైగా మాట తప్పావని కుర్రాడి మీదే విరుచుకుపడతాడు. షాన్ కానరీ అంతటి నటుణ్ణి ఇంత పిరికిగా, ఇంత స్వార్థంగా చూపించినందుకు దర్శకుణ్ణి మెచ్చుకోవాలి.

క్రాఫోర్డ్ వేషం ఎఫ్. మరీ ఏబ్రహాంది. 1984లో ‘అమదేయస్’లో మోట్సార్ట్ ప్రతిభ చూసి కుళ్ళిపోయే సాలియేరీగా ఆస్కార్ తెచ్చుకున్నాయన. అలాంటివాణ్ణే మళ్ళీ ఇంకో అసూయాపరుడిగా పెట్టడంలో కొంత సోమరితనం ఉంది. తెరమీదికి రాగానే వీడే విలన్ అని తెలిసిపోతుంది. కానీ నిదానంగా ఆలోచిస్తే క్రాఫోర్డ్ చెప్పిన నియమంలో తప్పేం లేదు. ఇంకొకరి పేరా వాడుకుంటే చెప్పి వాడుకోవాలి. ఆయన తప్పల్లా, రుజువు కంటే ముందే తీర్పు తయారుగా పెట్టుకోవడం. బ్రాంక్స్ నించి వచ్చి బాస్కెట్‌బాల్ ఆడే నల్లపిల్లాడు ఇంత బాగా ఎలా రాస్తాడన్నది ఆయన మొదటి ప్రశ్న. రాసింది ఎలా ఉందన్నది తర్వాతి ప్రశ్న. ఇకనించీ నా ఆఫీసులో నా ముందు కూచుని రాయమంటాడు. ఆ కాపీ దొరకడం ఆయన అదృష్టం. దొరక్కపోయినా ఆ అనుమానం అలాగే ఉండేది.

2003లో ఇది నాకు అమెరికాలో నల్లవాళ్ళ గోడుగా మాత్రమే అర్థమైంది. అది నిజమే, ముందు అదే. కానీ 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక, క్రాఫోర్డ్ అడిగిన ప్రశ్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఎదురవుతోంది. బాగా రాస్తే చాలు, నువ్వే రాశావా అంటున్నారు. మళ్ళీ అందులోనూ తేడాలు లేకపోలేదు. ఎవరు బాగా రాస్తారని ముందే అనుకుంటామో వాళ్ళని అడగం.

నేను పాతికేళ్ళుగా కోడ్‌తో బతుకుతున్నవాణ్ణి. మా వృత్తిలో కాపీ అన్నది తిట్టు కాదు. ఇంకొకరు రాసిన ప్రోగ్రాం తీసుకుని, దాని మీద మనది కట్టుకుంటాం. అలా వాడుకోవచ్చని రాసినవాళ్ళే లైసెన్సు ఇస్తారు. వాటిల్లో బాగా వాడుకలో ఉన్న ఎమ్ఐటీ లైసెన్సు పట్టుమని పాతిక లైన్లుండదు. ఏమైనా చేసుకో, మార్చుకో, అమ్ముకో, కానీ పైన ఉన్న ఆ హక్కుల ప్రకటనా, ఈ నాలుగు ముక్కలూ మాత్రం తియ్యకు అంటుంది. అంతే. ఎంత తీసుకున్నావన్నది లెక్క కాదు, ఎవరి దగ్గర తీసుకున్నావో చెప్పడమే లెక్క. ఆఫీసులో వందలసార్లు పాటించిన ఈ నియమం, నా సొంత కథ దగ్గరికొచ్చేసరికి నాకు గుర్తు రాలేదు. రాలేదని ఎందుకనాలి, వచ్చింది.

సినిమా కూడా ఈ సంగతిని సగం దూరం పట్టుకుంది. జమాల్‌ని ముంచింది కాపీ కాదు, రహస్యం. ఆ గదిలో రాసింది గది దాటకూడదన్న షరతే తప్పు. ఓనమాలు దిద్దించి, దిద్దించానని చెప్పొద్దనడం లాంటిది అది. చేతిని పట్టుకున్న చెయ్యి కనపడకపోతే, ఎంత నిజాయితీగా రాసిన అక్షరమైనా దొంగ అక్షరంలాగే కనిపిస్తుంది.

మధ్యలో ఇంకో మంచి ముక్క ఉంది. తమ ఇంట్లో సూప్ మీద మీగడ ఎందుకు కట్టదని కుర్రాడు అడిగితే ఫారెస్టర్ హాయిగా జవాబు చెప్తాడు. సొంత సంగతి అడగబోతే, ఇది సూప్ ప్రశ్న కాదు అంటాడు. చివర్లో పెద్ద ఆట ఉంటుంది. బడివాళ్ళు గెలిపిస్తే కాపీ గొడవ చూసీ చూడనట్టు పోనిస్తామన్నట్టు సూచిస్తారు. అంతకు ముందు ప్రాక్టీసులో వరసపెట్టి ఫ్రీ త్రోలు వేసిన కుర్రాడు, ఆ ఆఖరి క్షణంలో రెండూ పోగొడతాడు. కావాలనే పోగొట్టావా అని తర్వాత ఫారెస్టర్ అడిగితే, ఇది సూప్ ప్రశ్న కాదంటాడు జమాల్. గురువు దగ్గర కుర్రాడు నేర్చుకున్నది వాక్యాలొక్కటే కాదు, ఎక్కడ నోరు మూసుకోవాలో కూడా అని మనకి అర్థమవుతుంది. ఇది పొగడ్తో నిందో సినిమా తేల్చదు. అందుకే నాకు నచ్చింది.

నచ్చనిది క్లైమాక్స్. సైకిలేసుకుని ఫారెస్టర్ పోటీ జరిగే హాలుకి వస్తాడు. వేదికెక్కి, కుటుంబాన్ని పోగొట్టుకోవడం గురించి ఒక రచన చదువుతాడు. హాలంతా చప్పట్లు. క్రాఫోర్డ్ ఆకాశానికెత్తేస్తాడు. అప్పుడు చెప్తాడు ముసలాయన, ఇది నాది కాదు, జమాల్‌ది అని. మొదటిసారి చూసినప్పుడు నేనూ మా వంటింట్లోకి వినపడేలా చప్పట్లు కొట్టాను. పేరు తెలియకుండా చదివితే క్రాఫోర్డ్ కూడా మెచ్చుకుంటాడు అని నిరూపించడమన్నమాట.

నిజంగా నిరూపించిందా? పేరు తెలియకుండా కాదు కదా చదివింది. ఫారెస్టర్ పేరుతో చదివింది. ఆయన రాశాడనుకునే మెచ్చుకున్నారు. తర్వాత ఆయన చెప్పాడు కాబట్టి జమాల్‌ది అని నమ్మారు. రెండుసార్లూ పనిచేసింది ప్రసిద్ధుడైన తెల్లాయన పేరే. జమాల్ తన రాతని తన నోటితో చదివి ఒప్పించే అవకాశం ఈ కథలో ఎక్కడా లేదు. తల్లీ, బ్రాంక్స్ స్నేహితులూ నీడల్లా మిగిలిపోయారు. బడిలో స్నేహం చేసే తెల్లమ్మాయి పాత్రని సగంలో వదిలేశారు. అనుభవమేమీ లేకుండా వచ్చిన రాబ్ బ్రౌన్ జమాల్‌ని ఎంత నిబ్బరంగా చేశాడంటే, వాడికి ఇంకెవరో సాక్ష్యం చెప్పాల్సిన ఖర్మేమిటనిపిస్తుంది.

ఇంకా పెద్ద లోటు మా అమ్మాయి చెప్పింది. “నాన్నా, వాడు అంత బాగా రాస్తాడన్నారు కదా, మనకి ఎక్కడ వినిపించారు?” నిజమే! వేదిక మీద మొదటి కొన్ని వాక్యాలు వినిపిస్తాయి. తర్వాత సంగీతం కమ్ముకుంటుంది, కెమెరా వినేవాళ్ళ మొహాల మీదికి పోతుంది. రచయితల మీద సినిమా తీసేవాళ్ళందరికీ ఈ భయం ఉంటుంది. వాక్యం తెర మీద నిలబడదేమోనని వయొలిన్ని పిలుస్తారు. కానీ ఈ సినిమా మొత్తం ఇది ఎవరి వాక్యం అన్న ప్రశ్న మీద నడిచింది. ఆ వాక్యమే వినపడకపోతే మనం కూడా క్రాఫోర్డ్ లాగే, పెద్దాయన మాట మీద నమ్మాల్సి వస్తోంది.

సినిమాని అక్కడే ఆపేసి ఉంటే నేనీ వ్యాసం రాసేవాణ్ణి కాదు. కానీ దాని తర్వాత చిన్న దృశ్యం ఉంది. మొదటిసారి దాన్ని నేను సరిగ్గా చూడలేదు, అప్పటికి పప్పు ఉడికిపోయింది.

ఫారెస్టర్ స్కాట్లండు వెళ్ళిపోతాడు. ఏడాది తర్వాత ఒక లాయరు వస్తాడు. చిన్న వేషంలో మాట్ డేమన్. ముసలాయన పోయాడనీ, తన ఇల్లూ, ఒక రాతప్రతీ నీకు వదిలాడనీ చెప్తాడు. అది ఆయన రెండో నవల. అట్ట మీద ముందుమాట జమాల్ వాలెస్ అని ఉంటుంది. ముందుమాట మాత్రం లేదు. అది కుర్రాడు రాయాలి.

2015లో హార్పర్ లీ రెండో నవల ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ వచ్చినప్పుడు ఆవిడ నిజంగా ఒప్పుకునే ఇచ్చిందా అని ఎంత గొడవ జరిగిందో చదివాక, దాచిన నవల బయటపడ్డం అంత అందమైన విషయం కాదని తెలిసింది. అయినా సినిమాలో ఈ ఒక్క సంగతికి నేను తలొంచుతాను. మొదట్లో పెద్దాయన తన మొదటి పేరా కుర్రాడికి అప్పిచ్చాడు. ఆఖర్న తన పుస్తకంలో మొదటి పేజీ కుర్రాడికి వదిలేశాడు. నా మాటలతో నువ్వు మొదలుపెట్టావు, ఇప్పుడు నీ మాటలతో నేను మొదలవుతాను అన్నట్టు. అందులో ఉపకారం లేదు, సాక్ష్యం లేదు, హాలూ లేదు చప్పట్లూ లేవు. రెండు పేర్లూ ఒకే అట్ట మీద ఉన్నాయి, ఎవరి భాగం ఎంతో స్పష్టంగా ఉంది. వేదిక మీద పావుగంట సేపు చెప్పలేకపోయినది ఆ ఒక్క కాగితం చెప్పేసింది. అప్పు తీర్చడం అంటే ఇది. ఇచ్చినవాడే దారి చూపించి పోయాడు.

సినిమా అయ్యాక అమ్మాయి పైకెళ్ళి పడుకుంది. నేను పాత సావనీర్ వెతికి తీశాను. ఆ కథ మళ్ళీ చదివాను. మాస్టారు అన్నది నిజమే, రెండో పేరా నించీ బావుంది. మొదటి పేరా ఇంకా బావుంది. అది చెప్పడానికి ఆయనకి మొహమాటం, ఒప్పుకోవడానికి నాకు పదహారేళ్ళు.

మర్నాడు ఆయన కొడుక్కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాన్నగారికి తెలుసండీ. ఆ సావనీర్ చివరిదాకా తలదగ్గరే ఉండేది” అన్నారు. ఈ వ్యాసంలో పేరు వెయ్యనా అని అడిగితే వద్దన్నారు. సినిమా కబుర్ల మధ్య ఎందుకండీ, ఆ కథతోపాటే రానివ్వండి అన్నారు. ఆ మాట సబబుగానే తోచింది. ఇకమీదట ఆ కథ ఎక్కడ అచ్చయినా మొదటి పేరా ఎవరిదో దాని పక్కనే ఉంటుంది. మాస్టారి పెట్టెలో ఇంకా అచ్చు కాని కథలు పదకొండున్నాయిట. చదివి పెడతారా అని అడిగారు. వచ్చే శనివారం వెళ్తున్నాను. ఆ బేస్‌మెంట్ మెట్లు దిగి పదేళ్ళు దాటింది.